బెల్టు కూత

మా ఆయన్ని వీధంతా చెవి మేస్త్రీ అంటారు. పాత కార్ల వైద్యం ఆయనది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటారు. జబ్బేమిటో చెవికి తెలిశాకే పానా పడతారు. ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి, అదే పొగరు. నేను కాదన్నానా? ఆ పొగరు చూసే పెళ్ళికి ఒప్పుకున్నాను.

ఏడాదిగా మాత్రం కుక్కర్ కూత ఆయన చెవిన పడటం లేదు. "వినబళ్ళేదా?" అంటే "ఏదో ఆలోచనలో ఉన్నా" అంటారు. డాక్టరు మాటెత్తితే ఇంతెత్తున లేస్తారు. నేనూ నోరు మూసుకున్నాను. నా తప్పు అదే.

ఆ మధ్యాహ్నం మా వదిన, అంటే ఆయన అక్క, తన పాత కారుని తాడు కట్టించి లాక్కొచ్చింది. ఆ కారులోనే రోజూ ఆరుగురు పిల్లల్ని స్కూలుకి దింపి తీసుకొస్తుంది.

"కొత్త బ్యాటరీ వేసి వారం కాలేదురా. తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటోంది. పొద్దున పిల్లల్తో వెళ్తుంటే దిగుడు మలుపులో స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుపోయింది. గోడకి జానెడు దూరంలో ఆపాను."

స్కూలు వదలడానికి గంట కూడా లేదు.

ఆయన ఇంటి పక్కనే ఉన్న తన షెడ్డులోని బ్యాటరీ బిగించి స్టార్ట్ చేశారు. స్క్రూడ్రైవర్ పెట్టి విన్నారు. "స్టీరింగ్ పంపు బాగానే ఉంది. స్టీరింగ్ ఆయిల్ తగ్గింది, పోశాను. నీ బ్యాటరీయే నాసిరకం, మార్పిస్తాలే."

"బెల్టు చూశావా?"

"బెల్టు జారితే కూత పెట్టదూ? నేను విన్నాగా!"

వదిన కారెక్కింది. షెడ్డులోంచి వెనక్కి తీస్తూ స్టీరింగ్ చివరిదాకా తిప్పింది. ఇంజన్‌లోంచి లేచిన కూతకి వంటింట్లో ఉన్న నాకు చెవులు చిల్లులు పడ్డాయి. కిటికీలోంచి చూస్తే వదిన ఆగి తమ్ముడి వంక చూస్తోంది. ఆయన పోనిమ్మని చెయ్యూపారు. తడి చేతుల్తోనే పరిగెత్తి కారుకి అడ్డం నిలబడ్డాను.

"ఏమండీ, ఆ కూత మీకు వినబడిందా?"

"ఏ కూత?"

వదిన కిటికీలోంచి తల బయటపెట్టింది. "అదేంట్రా, గొంతు నులిమినట్టు అరిచిందిగా! నువ్వు పోనిమ్మంటే మామూలే అనుకున్నా."

ఆయన ముఖం కందగడ్డ అయింది. "వంటింట్లోంచి వచ్చి నాకు పని నేర్పుతావా? తప్పుకో!"

"తప్పుకోను. లోపల కూర్చునేది ఆరుగురు పిల్లలు."

ఆయన నన్ను చూశారు, అక్కని చూశారు. చివరికి టార్చి తీసుకుని ఇంజన్ మీదికి వంగారు.

"అక్కా, ఇంకోసారి తిప్పు."

కూత లేచింది. ఆయన ఈసారి కళ్ళు తెరిచే ఉన్నారు. ఇంజన్ తిరుగుతూనే ఉంది, పంపు చక్రం దగ్గర బెల్టు మాత్రం పట్టు లేక జారిపోతోంది. ఆపించి వేలితో నొక్కితే వదులుగా కుంగింది. లోపలి వైపు అరిగి అద్దంలా మెరుస్తోంది. డైనమోకీ స్టీరింగ్ పంపుకీ అదొక్కటే ఆధారం. అది జారితే బ్యాటరీకి చార్జింగూ లేదు, స్టీరింగ్‌కి బలమూ లేదు.

పిల్లల్ని గేటు లోపలే ఉంచమని వదిన స్కూలుకి ఫోన్ చేసింది. ఆయన కొత్త బెల్టు వేసి బిగించారు. మళ్ళీ స్టార్ట్ చేయించి, అటూ ఇటూ చివరిదాకా తిప్పించారు.

"ఇప్పుడు?"

"లేదురా. పోయింది."

"నువ్వు చెప్పు," అన్నారు నాతో.

"లేదండీ."

వదిన వెళ్ళిపోయింది. ఆయన కారు మలుపు తిరిగేదాకా చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చారు. అంత చిన్న గొంతుతో ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"నాకు రెండుసార్లూ ఒక్కలాగే ఉందే."