అక్షతలు పడ్డ రైఫిల్

2012 వేసవిలో నేపర్‌విల్ దగ్గర ఒక మెషీన్ షాప్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. తయారైన భాగాలను గేజ్‌తో కొలిచి, సరిగ్గా ఉంటే పచ్చ ట్యాగ్, లేకపోతే ఎర్ర ట్యాగ్ కట్టడం నా పని. ట్యాగ్ కట్టాక ఎవరు ముట్టుకున్నా ఆ ట్యాగ్ చెల్లదు, మళ్లీ కొలవాలి. నేను ఆ ఉద్యోగం మానేయడానికి ముందు ఏడాది దసరాకి జరిగింది ఇది. అప్పటికి మా పాప ఇంకా చంకలోనే ఉంది.

మా సీనియర్ మెషినిస్ట్ శ్రీధర్ గారు గ్రీన్‌కార్డు వచ్చాక, షూటింగ్ రేంజ్‌లో కాల్చే సరదాకి ఒక రైఫిల్ కొన్నారు. భుజానికి గట్టిగా తన్నుతోందని మజిల్ బ్రేక్ తెప్పించి గరాజ్‌లో తానే బిగించుకున్నారు. అది గొట్టం చివర మరల మీద కూర్చునే చిన్న ఉక్కు ముక్క. గ్యాస్‌ను పక్క రంధ్రాల్లోంచి మళ్లించి తన్ను తగ్గిస్తుంది. గొట్టానికీ దానికీ వరుస తప్పితే గుండు అంచుకు తగులుతుంది.

పండగ భోజనానికి పిలిచి, నన్ను ఆ బిగింపు చూడమన్నారు. ఆయన బోల్ట్, అంటే గొట్టాన్ని వెనక మూసే కడ్డీ, తీసి లోపల గుండు లేదని చూపించాక, అలైన్‌మెంట్ రాడ్ అనే తిన్నని ఉక్కు కడ్డీని దూర్చాను. బ్రేక్ దగ్గర అది ఒక పక్కకి ఒరిగింది. కుదరదన్నాను.

"మాధవి ఓకే అనకపోతే మా ఇంట్లో ఇడ్లీ కూడా ప్లేట్‌లోకి రాదు!" అని ఆయన భార్య సుజాతక్క నవ్వింది.

ఆయన విప్పి, మరల్లో ఇరుక్కున్న నలుసు తుడిచి మళ్లీ బిగించారు. ఈసారి కడ్డీ చుట్టూ సందు సమానంగా ఉంది. ఓకే అన్నాను.

తర్వాత ఆయుధపూజ. కారుకీ డ్రిల్ మెషీన్‌కీ పెట్టినట్టే, గోడకి నిలబెట్టిన రైఫిల్‌కీ సుజాతక్క బొట్టు పెట్టి, అందరిచేతా అక్షతలు వేయించింది. పాప గుప్పెటతో నేనూ వేయించాను.

మర్నాడు పొద్దున మావారు రవి, శ్రీధర్ గారితో రేంజ్‌కి వెళ్లారు. స్నానానికి పాప గౌను విప్పుతుంటే ఒక పసుపు గింజ రాలింది. రైఫిల్ మూతి పైకి ఉండగా వేశాం. నెయ్యి కలిపిన బియ్యం. నా తనిఖీ అయిపోయాక.

రవి ఫోన్ ఎత్తలేదు. శ్రీధర్ గారూ ఎత్తలేదు. సుజాతక్కకి చేస్తే, "వాళ్లు ఎప్పుడో వెళ్లారే. ఏమైంది?" అంది. రేంజ్ పేరు కనుక్కుని అక్కడి డెస్క్‌కి చేసి, ఆ ఇద్దరినీ ఆపమన్నాను. లైన్‌లో ఉండమన్నారు. ఫోన్‌లో దూరంగా తుపాకుల మోత. ప్రతి చప్పుడూ వాళ్లదేనేమో అనిపించింది. ఒట్టి ఒంటితో పాప ఏడుస్తుంటే తువ్వాలు చుట్టడం కూడా తోచలేదు.

చివరికి శ్రీధర్ గారి గొంతు వినిపించింది. "ఏంటమ్మా, లోడ్ చేయబోతుంటే పిలిచారు. నిన్న నువ్వే కదా ఓకే అన్నావ్?"

"ఆ తర్వాత అక్షతలేశాం సార్. లోడ్ చెయ్యకండి. బోల్ట్ తీసి క్లీనింగ్ రాడ్ దూర్చండి."

ఆయన రవిని కేకేసి రైఫిల్ డెస్క్ దగ్గరికి తెప్పించి, కడ్డీ దూర్చారు. తర్వాత వెనక నుంచి రవి అన్నారు: "అన్నా, ఇదేంటి, పులిహోరా?"

ఎవరూ నవ్వలేదు. నెయ్యీ, గొట్టం లోపల పూసిన నూనే కలిసి, గింజలు గొట్టానికి ముద్దగా అంటుకున్నాయట.

కాల్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ అయ్యేది కాదేమో. గొట్టం చీలేదేమో. తనిఖీ అది జరిగిన క్షణం వరకే చెల్లుతుందని షాప్‌లో రోజూ చెప్పేవారు. ముట్టుకోవడమంటే పనిముట్లతోనే అనుకునేదాన్ని. అక్షతలు వేసిన చెయ్యీ చెయ్యే.

ఇప్పుడు ఉద్యోగం లేదు. రాత్రి నేను తలుపు గడియ వేశాక రవి చెత్త పడేసి వస్తే, లేచి వెళ్లి గడియ మళ్లీ చూస్తాను.