సున్నం రాళ్ల బాట

ఆ రోజుల్లో ఒకరు చేసిన పనికి ఇంకొకరు దండ వేయించుకోవడం వింతేమీ కాదు. అది నాకే జరగడంతో ఇన్నేళ్లయినా మరిచిపోలేకపోతున్నాను. ఎనభైల్లో చర్ల అవతల ఒక అడవి బడిలో డ్రిల్లు మాస్టరుగా ఉండేవాణ్ని. గూడెం పిల్లలు మూడు మైళ్ల అడవి దాటి వచ్చేవాళ్లు. ఒక వానాకాలం రెండో తరగతి పిల్ల వాగు దగ్గర దారి తప్పి, మర్నాడు పొద్దున గానీ దొరకలేదు. ఆ పిల్ల వణుకు చూశాక నాకు అన్నం సయించలేదు. దసరా సెలవులన్నీ ధారపోసి, బాట చీలిన ప్రతిచోటా వెళ్లవలసిన వైపు ఒక రాయి పాతి సున్నం కొట్టాను. (చేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ రాయరు కనుక నేనే రాస్తున్నాను.) "తెల్లరాయి దిక్కే నడవాలె, అనుమానమొస్తే ఆడ్నే ఆగి కేకెయ్యాలె" అని పిల్లల చేత రోజూ వల్లె వేయించాను.

సంగతి పైకి పాకింది. ఆ బాటను పిల్లల క్షేమానికి అంకితం చేయడానికి జిల్లా నుంచి పెద్దసారు వస్తాడన్నారు. ఖమ్మంలో చెక్కించిన శిలాఫలకం దిగింది. దాని మీద పెద్దసారు పేరుంది, మా హెడ్మాస్టరు పేరుంది, అడుగున చెక్కినవాడి పేరు కూడా ఉంది. "నా పేరేది సార్?" అన్నాను. "జాగ సాల్లేదయ్యా. గింత దానికి మొకం మాడ్సుకుంటవేంది?" అన్నాడు హెడ్మాస్టరు.

అంకితం రోజు పొద్దున్నే వెళ్లి చూద్దును గదా, కనబడ్డ ప్రతి రాయికీ సున్నం! పెద్దవాళ్లు వస్తే రాళ్లకు సున్నం కొట్టడం ఆనవాయితీ అట. పశువుల దారి పక్కన కొట్టారు, వాగులోకి దిగేచోట కొట్టారు, చెట్ల మొదళ్లను కూడా వదల్లేదు. "ఇగ పిల్లలు ఎటు పోవాలె సార్?" అని నేనంటే, "ఎటు జూసినా మెరుస్తున్నది, ఇంకేం గావాలె నీకు?" అన్నాడు హెడ్మాస్టరు.

రిబ్బను కత్తిరించి పెద్దసారు పిల్లల ముందు నడిచాడు. చీలిక దగ్గర తెల్లరాళ్లు చూసి ధీమాగా ఎడమకు తిరిగాడు. గూడెంలో మా కోసం డోళ్లు మోగుతుండగా, మేమంతా ఎవరిదో పోడు చేనులో కంది మొక్కల మధ్య తేలాం. "గిటెందుకొచ్చిండ్రు?" అన్నాడు కాపలా ముసలాయన. "ఎవరు పెట్టారు ఈ గుర్తులు?" అని పెద్దసారు గర్జించాడు. హెడ్మాస్టరు నన్ను జల్దీగా ముందుకు తోశాడు. "ఇగో, ఈయనే సార్! అంతా ఒక్కడే చేసిండు!"

అప్పుడు దూరంగా కేక వినిపించింది. దాని వెంబడే వెనక్కి నడిచాం. చీలిక దగ్గర ఆ వానాకాలం తప్పిపోయిన పిల్ల, మా వెంట రాకుండా ఒక్కతే నిలబడి, గొంతు బొంగురుపోయేలా అరుస్తోంది. "రెండు దిక్కులా తెల్లగనే ఉన్నది సారూ. నువ్వే గదా ఆగుమన్నవ్?"

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. పదకొండు పేజీల జవాబు రాశాను. అందులో ఫలకం ఉంది, సున్నం ఉంది, నా పేరు పేజీకి నాలుగుసార్లు ఉంది. ఆ పిల్ల ఆగి కేకేసిన సంగతి మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. మొన్న పాత కాగితాల్లో దాని నకలు దొరికితే చదువుకుని, ఆ కుర్ర మాస్టరును తలుచుకుని నవ్వుకున్నాను, కాస్త సిగ్గుపడ్డాను కూడా. హెడ్మాస్టరును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.