పళ్ళ ట్యాంకును నడిపిన మనిషి

మా మామయ్య ఎవరు కనబడినా ముందు నోట్లోకి చూస్తాడు, ముఖంలోకి ఆ తర్వాతే. ముప్పై ఏళ్ళుగా ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తున్నాడు. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి, మీద ఒక నంబరు వేసి పంపుతారు. మామయ్య అందులో ప్లాస్టర్ పోసి, దవడ బొమ్మ తీసి, దానికి సరిపడే పళ్ళు చేసి తిరిగి పంపిస్తాడు. రోగి పేరు ఆయనకు తెలియదు, ఆయనెవరో రోగికి తెలియదు. కానీ బస్సులో ఎదురుగా ఎవరైనా నవ్వితే చాలు, ఆయన నా వైపు వంగి, "కుడివైపు మూడోది మనదే అమ్మడూ" అంటాడు.

చదువు కోసం నేను వాళ్ళింట్లో రెండేళ్ళుగా ఉంటున్నాను. ఇంట్లో ఆరుగురు కూర్చోగల భోజనాల బల్ల ఉంది గాని, దాని మీద ఎవరూ భోజనం చేయగా నేను చూడలేదు. దాని నిండా ట్యాంకులు. అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు ఉండే ప్లాస్టిక్ ట్యాంకులు, వాటి చక్రాలు, గ్రామఫోన్ సూదంత ఫిరంగులు, జిగురు సీసాలు. మేం ముగ్గురం సోఫాలో ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని తింటాం. మామయ్యకు అదేమీ లోటుగా తోచదు.

అత్త బీమా ఆఫీసులో పని చేస్తుంది. ఎవరి మాటా కాగితం లేకుండా నమ్మదు. అందుకే ఈ ఏడాది మొదట్లో ఆయన చేత ఒక కాగితం రాయించి సంతకం పెట్టించింది. "నేను చేసిన బండి ఈసారి కూడా అద్దాల బీరువా ఎక్కకపోతే మర్నాడే బల్ల ఖాళీ చేస్తాను, సామానంతా అటక మీదికి చేరుస్తాను, మళ్ళీ కిందికి దించను" అని. సాక్షి సంతకం నాది.

అద్దాల బీరువా అంటే మా ఊరి లైబ్రరీ గుమ్మం దగ్గర ఉండేది. బొమ్మబండ్లు చేసేవాళ్ళ సంఘం ఏటా ఆ లైబ్రరీ మేడ మీద ప్రదర్శన పెడుతుంది. అక్కడ రెండు బల్లలు ఉంటాయి. ఒకటి నిజంగా ఉన్న బండ్లకు. రెండోది, ఎక్కడా లేకపోయినా ఉండి ఉండగలిగిన బండ్లకు. ఫలానా సైన్యం ఫలానా ట్యాంకు చేసి ఉంటే, అయితే గియితే అది ఇలా ఉండేది అని ఊహించి చేసేవి. దాన్ని అందరూ అయితే గియితే బల్ల అంటారు. ఆ బల్ల మీద మొదటి స్థానం వచ్చిన బండి ఏడాది పాటు బీరువాలో ఉంటుంది. దానితో పాటు ఆ బండి చరిత్ర ఒక పేజీ రాసి పెట్టాలి. ఆ చరిత్ర కూడా కల్పించిందే.

మూడేళ్ళుగా మామయ్యను ఓడిస్తున్నది ఒకే మనిషి, ట్యాంకు తాత. ఇరవై రెండేళ్ళు సైన్యంలో ట్యాంకు నడిపి, బాగుచేసి వచ్చిన ఆయన. ఆ బల్లకు మార్కులు వేసేది ఆయనే. కిందటేడు మామయ్య బండిని ఒక్క చూపు చూసి, "ఈ గొట్టం ఇలా పెడితే పొగంతా డ్రైవరు మొహాన కొడుతుంది కదయ్యా, వాడేం పాపం చేశాడు" అన్నాడు. అంతే.

ఈసారి మామయ్య తనకు తెలిసిన లోకంలోంచే ఊహించాడు. యుద్ధరంగంలో సైనికుల పంటినొప్పి భరించలేక ఒక సైన్యాధిపతి పాత ట్యాంకు మీద పళ్ళ ఆసుపత్రి కట్టించి ఉంటే? ముక్కలుగా వచ్చే ట్యాంకు కిట్టు ఒకటి కొని, ఫిరంగి ఉండే గుమ్మటం తీసి పక్కన పడేశాడు. దాని స్థానంలో ప్లాస్టిక్ రేకులతో గది కట్టాడు. గదిలో వెనక్కి వాలే కుర్చీ, పైన దీపం. కుర్చీ దిండ్లకు తన ల్యాబులో మిగిలిన చిగుళ్ళ రంగు ముద్ద వాడాడు. చక్రాల చుట్టూ తిరిగే చైనుకు నూట ఎనభై ముక్కలు, ఒక్కొక్కటీ పళ్ళు పట్టుకునే పట్టకారుతో అతికించాడు. పన్నుకు వాడకం మరకలు తెచ్చే రంగులే బండికీ పూశాడు.

"మరీ కొత్తగా మెరిస్తే కట్టుడు పన్ను దొరికిపోతుంది" అన్నాడు నాతో. "అబద్ధానికి కాస్త గార పట్టాలి అమ్మడూ. నువ్వు రాసే బండి చరిత్రలో కూడా అంతే."

నేను గార పట్టించాను. బురదలో ఇరుక్కున్న రోజు, మత్తుమందు అయిపోయిన వారం, గదిలో పాటలు పాడే నర్సు, రెండో గేరుతో డ్రైవరు పడే పాట్లు, అన్నీ రాశాను.

ప్రదర్శన రోజు అత్త కూడా వచ్చింది. ఆమె చేతిసంచిలోంచి కొత్త బల్లగుడ్డ అంచు కనబడుతోంది. మామయ్య చూడనట్టు నటించాడు.

ట్యాంకు తాత కళ్ళజోడు సర్దుకుని నా కాగితం మొత్తం చదివాడు. బండి చుట్టూ తిరిగాడు. మళ్ళీ చదివాడు.

"ఇది ఈ బల్ల మీద ఎందుకుంది?"

"అయితే గియితే బండి కదా సార్" అన్నాడు మామయ్య.

"ఇదెలా అవుతుందయ్యా? ఇది ఉన్న బండి. నేను నడిపాను."

చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు.

"ఇలాంటిది లేదు సార్. నేనే పుట్టించాను."

"నువ్వు పుట్టకముందే నేను నడిపాను. రెండో గేరు ఒక పట్టాన పడేది కాదు, ఇందులో సరిగ్గానే రాశారు. అంతెందుకు, నా కోరపన్ను పీకింది దీన్లోనే." పై పెదవి ఎత్తి ఎడమవైపు చూపించాడు. "తర్వాత మళ్ళీ మొలిచిందనుకో."

సంఘం కార్యదర్శి నిబంధనల పుస్తకం తెరిచాడు. ఉన్న బండిని అయితే గియితే బల్ల మీద పెడితే తీసేయాలి. నిజంగా ఉన్న బండ్ల బల్లకు పేర్లు ఇచ్చే గడువు నిన్నటితో అయిపోయింది.

నేను ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పను. అయినా విప్పాల్సి వచ్చింది. "ఆ చరిత్ర నేను కల్పించాను తాతగారూ."

"ఎవరు చెప్పారమ్మా నీకు అవన్నీ?"

"ఎవరూ చెప్పలేదండీ."

"ఇంత వివరంగా ఎవరు కల్పిస్తారు?" అని ఆయన అందరి వైపూ చూశాడు. అందరూ తల ఊపారు. నా రాతకు దొరికిన మొదటి మెప్పు మా మామయ్య కొంప ముంచింది.

అత్త బల్లగుడ్డ మడత సవరించుకుంది.

మామయ్య మాత్రం కార్యదర్శిని చూడలేదు, అత్తను చూడలేదు. ట్యాంకు తాత నోటినే చూస్తున్నాడు. మెల్లగా దగ్గరికి వెళ్ళి ఆయన చెవి దగ్గర వంగాడు. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. పేర్లు రాయడం లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

"సార్, ఆ కోరపన్ను మూల కాస్త విరిగినట్టు అరగదీసింది నేనే. దాని మీద సన్నటి గోధుమరంగు గీత కూడా నాదే. పోయినేడు అచ్చు తీసినప్పుడు పాత పన్ను ఇంకా మీ నోట్లోనే ఉంది."

తాత నోరు మూసుకున్నాడు.

"పెట్టుడు పన్నని ఎవరూ కనిపెట్టకూడదని పేషెంటు కోరాడట, డాక్టరుగారు చీటీ పెట్టారు. నేను చెప్పను. మీరు బండి తీసేయించినా చెప్పను. నా పని ఎంత బాగా కుదిరిందో చూసి ఆగలేక అన్నాను, అంతే."

మామయ్య వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెప్పేయవచ్చు కదా అని నేను ఆయన చొక్కా లాగాను. ఆయన కదల్లేదు.

తాత మళ్ళీ బండి చుట్టూ తిరిగాడు, ఈసారి చాలా నెమ్మదిగా. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"నేను నడిపినదానికి నిచ్చెన కుడివైపు ఉండేది. దీనికి ఎడమవైపు ఉంది. ఇది వేరే బండి. ఇలాంటిది ఎక్కడా లేదు, రాసుకో" అన్నాడు కార్యదర్శితో. తర్వాత ఒక్క క్షణం ఆగి, "కుర్చీలో కూర్చున్నవాడు కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటాడయ్యా? దానికి ఒక మార్కు తగ్గించు" అన్నాడు.

తగ్గించినా, పళ్ళ ట్యాంకు అర మార్కు తేడాతో బీరువా ఎక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త అడిగింది. "ఆయన చెవిలో ఏం ఊదారు?"

"గేరు గురించి."

"గేరు గురించి చెబితే మనిషి నోరు అంత గట్టిగా మూసుకుంటాడా?"

"ఆయనది బాగా బిగిసిన గేరు" అన్నాడు మామయ్య, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అత్త కాగితం అడిగింది. ఈ విషయానికి కాగితం లేదన్నాడు. పెళ్ళయ్యాక ఆమెకు దొరకని జవాబు ఇదొక్కటేనట.

తర్వాతి ఆదివారం ట్యాంకు తాత ఇంటికి వచ్చాడు. భోజనాల బల్ల ముందు కుర్చీ లాక్కుని, చక్రాలూ చైను ముక్కలూ చాలాసేపు చూశాడు. అత్త ఇచ్చిన టీని జిగురు సీసాకు దూరంగా పెట్టి నన్ను పిలిచాడు.

"అమ్మా, ఆ చరిత్రలో ఒక వాక్యం చేర్చాలి. డ్రైవరు ఎవరో రాయలేదు నువ్వు."

"కానీ తాతగారూ, ఆ బండి లేదని మీరే చెప్పారు కదా."

"లేదు. ఉంటే గింటే నడిపేది నేనే కదా?"

మామయ్య వంచిన తల ఎత్తలేదు గాని, ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను కలం తెచ్చి, ఆ బండిని మొదటి నుంచి చివరి దాకా ఒకే డ్రైవరు నడిపాడని రాసి చూపించాను. తాత రెండుసార్లు చదివి, 'నేర్పుగా' అనే మాట కూడా పెట్టమన్నాడు. పెట్టాను.