మూడో స్థానం ఆటకి మా దొడ్డమ్మ

నా చిన్నప్పుడు మేం మిషిగన్ ఉత్తరాన ఒక చిన్న కాలేజీ ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్నగారు అక్కడ లెక్కలు చెప్పేవారు. చలికాలం వచ్చిందంటే ఆ ఊళ్ళో ఐస్ హాకీ తప్ప మరో మాట వినబడేది కాదు. స్కూల్లో పిల్లలు, కొట్లో ముసలివాళ్ళు, చివరికి మా పళ్ళ డాక్టరు కూడా అదే మాట్లాడేవాడు. నోట్లో చెయ్యి పెట్టి మరీ మాట్లాడేవాడు కనక కాదనడానికి వీలుండేది కాదు.

హాకీ సీజన్ సరిగ్గా సగంలో ఉండగా, క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య, నాలుగు కాలేజీల జట్లతో మా ఊళ్ళో ఒక టోర్నమెంట్ జరిగేది. అదెలా పుట్టిందో ఊళ్ళో అందరూ కథలా చెప్పుకునేవారు. సెలవులకి విద్యార్థులంతా ఇళ్ళకి పోతే, సీజన్ మధ్యలో వదిలి వెళ్ళలేక హాకీ కుర్రాళ్ళు మాత్రం ఖాళీ హాస్టల్లో దిగాలుగా తిరిగేవారట. వాళ్ళని చూసి జాలిపడ్డ కోచ్ ఒకాయన మరో మూడు కాలేజీలకి ఫోన్ చేసి, మీ వాళ్ళనీ తీసుకురండి, పండగ రోజుల్లో కలిసి ఆడుకుందాం అన్నాడట. కాలేజీ మెస్ మూసేసి ఉంటుంది కాబట్టి, వచ్చినవాళ్ళని ఊళ్ళోవాళ్ళు తలా ఒకరిద్దర్ని ఇళ్ళల్లో పెట్టుకున్నారు. అదే ఆనవాయితీ అయిపోయింది.

మొదటి రోజు రెండు ఆటలు. మర్నాడు సాయంత్రం గెలిచిన రెండు జట్లకీ కప్పు కోసం ఫైనల్. ఓడిన రెండు జట్లకీ అదే రోజు మధ్యాహ్నం మూడో స్థానం కోసం ఇంకో ఆట. ఫైనల్‌కి ఊరు ఊరంతా కదిలేది. మధ్యాహ్నం ఆటకి మాత్రం ఆటగాళ్ళ అమ్మానాన్నలు, వాళ్ళతో పాటు ఇంట్లో ఏమీ తోచని ఒకరిద్దరు పెద్దవాళ్ళు వచ్చేవారు.

ఆ ఏడాది మా తమ్ముడు పుట్టాడు. అమ్మకి పురుడు పొయ్యడానికి మా దొడ్డమ్మ బందరు నుంచి వచ్చింది. అమ్మకి సొంత అక్క, అక్కడ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. లాంగ్ లీవు పెట్టి, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని దిగింది. దిగిన రోజు నుంచీ మా ఇంట్లో నాన్నగారి మాట చెల్లినట్టు నాకు గుర్తులేదు. మేం కూడా ఆటగాళ్ళని ఇంట్లో పెట్టుకుంటామని కాలేజీలో అంతకు ముందే మాటిచ్చాం. పసిబిడ్డ ఉన్న ఇల్లని ఒక్కణ్ణే పంపించారు. అతను గోలీ, అంటే వల ముందు నిలబడి గోలు పడకుండా ఆపేవాడు. కెనడాలో ఎక్కడో గోధుమ పొలాల మధ్య వాళ్ళ ఇల్లు. అమ్మానాన్నలు పశువుల్ని వదిలి అంత దూరం రాలేరు. చాలా నెమ్మదస్తుడు. మా తమ్ముణ్ణి ఎత్తుకోవాలంటేనే భయపడేవాడు.

మొదటి రోజు ఆట అతని జట్టుకీ మా ఊరి జట్టుకీ పడింది. నాన్నగారూ నేనూ వెళ్ళాం. చివరి నిమిషాల్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అప్పుడు మా ఊరి జట్టులో ఒకడు, రింక్ అనే ఆ మంచు మైదానం మధ్యలోంచి, ఇంకేం తోచక, పక్‌ని ముందుకి తోశాడు. ఆ నల్ల రబ్బరు బిళ్ళ మెల్లిగా జారుకుంటూ వెళ్ళి అతని కాళ్ళ మధ్యనుంచి వలలో పడింది. నేనైనా ఆపేదాన్ని. రింక్ దద్దరిల్లిపోయింది. మా ఊరు ఫైనల్‌కి వెళ్ళడం అదే మొదటిసారి. నేను గొంతు పోయేదాకా అరిచాను. ఇంటికొచ్చేసరికి అతను మా సోఫా అంచున తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

అందరూ ఓదార్చారు. ఆటలో ఇవన్నీ మామూలే అన్నారు నాన్నగారు. పక్కింటావిడ ఆపిల్ పై తెచ్చి, నువ్వేం బాధపడకు అంది. లోపల్నుంచి అమ్మ కూడా ఏదో మంచి మాట అంది. ఒక్కో మాటకీ అతని తల ఇంకాస్త కిందికి దిగింది. అన్నం ముట్టలేదు. రేపు ఆడనని కోచ్‌కి చెప్పేస్తాననీ, అసలు ఈ ఆటే మానేస్తాననీ నాన్నగారితో మెల్లిగా అన్నాడు. కాలేజీలో అది అతని ఆఖరి సంవత్సరం. ఇప్పుడు వదిలేస్తే ఇక అంతే. దొడ్డమ్మ మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

పొద్దున్న అతనికి దోసెలు వేసింది. అతను వాటి మీద మేపుల్ సిరప్ పోసుకుంటుంటే మొహం తిప్పుకుంది. ఆ తర్వాత తన బందరు ఇంగ్లీషులో, తరగతిలో పాఠం చెప్పినట్టు, తన కష్టం చెప్పుకుంది. ఇంత దూరం వచ్చినా ఈ ఆట చూడనేలేదట. సాయంత్రం చంటివాడి స్నానం పని ఉంటుంది కనక ఫైనల్‌కి రావడం కుదరదట. మధ్యాహ్నమైతే తీరిక. కానీ ఆ ఆటలో ఎవరేం చేస్తున్నారో ఆవిడకేం తెలుస్తుంది? తెలిసిన మొహం ఒకటుంటే, దాన్నే చూస్తూ మిగతాది నేర్చుకోవచ్చు. ఆ జనంలో తనకి తెలిసినవాడు అతనొక్కడే. నువ్వు ఆడకపోతే నేనెవర్ని చూడాలి నాయనా, అని నిజంగా ఇబ్బందిలో ఉన్నట్టు అడిగింది. అతను సిరప్ సీసా పక్కన పెట్టాడు. తను ఏ వైపు నిలబడతాడో, ఎక్కడ కూర్చుంటే బాగా కనబడుతుందో చెప్పాడు.

అప్పుడు నా ఏడుపు మొదలైంది. ఫైనల్ కోసం ఆ రోజు టికెట్లన్నీ ఎప్పుడో అమ్ముడైపోయాయి; మా దగ్గర ఉన్నవి రెండే, నాన్నగారికీ నాకూ. ఒక టికెట్‌తో రెండు ఆటలూ చూడొచ్చు గానీ మధ్యలో బయటికొస్తే అది చెల్లదు. నాన్నగారి టికెట్ దొడ్డమ్మ తీసుకుంది. ఆట అర్థమయ్యేలా చెప్పడానికి నన్నూ లాక్కుపోతోంది. మధ్యాహ్నం ఆవిడతో ఇంటికొచ్చేస్తే, మా ఊరి ఫైనల్ నాకిక లేనట్టే. నాన్నగారు నా తరఫున ఏదో అనబోయారు. దొడ్డమ్మ ఒక్క చూపు చూసింది.

నాన్నగారు కార్లో మమ్మల్ని దింపుతుంటే, నేను ముక్కు చీదుకుంటూనే దొడ్డమ్మని అడిగాను. "నీకు నిజంగా అంత చూడాలనుందా?"

"ఈ చలిలోనా? నాకేం పిచ్చే?" అంది. కోటు గుండీలు పెట్టుకుంటూ, "పాపం, పాపం అంటుంటే వాడు ఇంకా పాతాళానికి పోతున్నాడు. వాడితో ఎవరికో ఒకరికి పనుందని వాడికి తెలియాలి కదే," అంది.

రింక్‌లో సీట్లన్నీ ఖాళీ. దొడ్డమ్మ పట్టుచీర మీద నాన్నగారి ఓవర్‌కోటు తొడుక్కుని, అతను చెప్పిన చోటే కూర్చుంది. కాళ్ళకీ ఛాతీకీ మందపాటి ప్యాడ్లతో, పరుపులు కట్టుకున్నట్టు అతను మంచు మీదికి రాగానే లేచి నిలబడి చేతులూపింది. అతను కర్ర ఎత్తి చూపించాడు. మొదట్లోనే ఒక గోలు పడింది. అతను మా వైపు చూశాడు. దొడ్డమ్మ ఏమీ జరగనట్టు, ఇప్పుడేమైంది, వివరంగా చెప్పు అన్నట్టు చెయ్యి తిప్పింది. ముసుగు లోపల అతను నవ్వాడో లేదో తెలియదు గానీ, భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఎన్ని ఆపాడో! నేను ఫైనల్ సంగతి మర్చిపోయి అరిచాను.

అయినా చివరికి ఒక్క గోలు తేడాతో అతని జట్టు మళ్ళీ ఓడిపోయింది.

కానీ ఇంటికొచ్చిన మనిషి వేరు. దొడ్డమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకీ బల్ల మీద గ్లాసులు, గరిటెలు పేర్చి జవాబు చెప్పాడు. గోలు ఎందుకు పడిందో చెబుతూనే రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. సాయంత్రం మా ఊరు కప్పు గెలిచిన సంగతి రేడియోలో విన్నాం. ఆ సీజన్ ఆఖరిదాకా అతను ఆడాడని తర్వాత నాన్నగారు చెప్పారు.

ఆ టోర్నమెంట్ తర్వాత పెద్ద సిటీకి మారింది. ఆటగాళ్ళు ఇప్పుడు హోటళ్ళలో ఉంటున్నారు. మూడో స్థానం ఆట ఎవరూ చూడటం లేదని దాన్ని ఎత్తేశారని మొన్న మా మనవరాలు చెప్పింది. నాకు చాలా కష్టంగా అనిపించింది. ఓడిపోయిన మర్నాడు మనిషికి నిలబడటానికి ఒక చోటు కావాలి. చూడటానికి కనీసం ఒక్కరు రావాలి.

నేనిప్పుడుంటున్న హెర్న్‌డన్ ఊళ్ళో, మా పక్కింటి బేస్‌మెంట్‌లో ఈ మధ్యే ఒక వరంగల్ అబ్బాయి దిగాడు. మొదటి ఉద్యోగం. ఒకరోజు గుమ్మంలో కనబడి, "లేఆఫ్ చేశిన్రు ఆంటీ. గ్రేస్ పీరియడ్ నడుస్తున్నది," అన్నాడు, ఎటో చూస్తూ. ఆ గడువులో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా పోయి దేశం వదిలి వెళ్ళాలి. తర్వాత రెండు వారాలు తలుపు తియ్యలేదు. నాకు బోలెడంత ఓదార్పు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి ఒక పొద్దున వెళ్ళి తలుపు కొట్టాను. బాబూ, నాకు డ్రైవింగ్ రాదు, గుడికీ కూరగాయలకీ కాస్త తీసుకెళ్తావా అని అడిగాను. గడ్డం గీసుకుని వచ్చాడు. ఇప్పుడు ప్రతి శనివారం తనే హారన్ కొడుతున్నాడు. దారిలో ఇంటర్వ్యూల సంగతులు చెబుతున్నాడు.

మా గరాజ్ తలుపు మాత్రం వేసే ఉంచుతున్నాను. లోపల నా కారుంది. ఆ అబ్బాయికి ఉద్యోగం దొరికేదాకా నాకు డ్రైవింగ్ రాదు.