వెంట వచ్చే మనిషి

చిట్కుల్‌లో మేడమీది కిరాయి గదికి ఎక్కుతూ నరసరాజు రోజూ నాలుగో మెట్టు దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. ఆయాసమని ఎవరూ కనిపెట్టకూడదని. ఫ్యాక్టరీ ఉద్యోగానికి భీమవరం నుంచి వచ్చి ఇరవయ్యేళ్లయింది. భార్య పోయాక పలకరించేవాళ్లు లేరు. రక్తం తక్కువని కాంపౌండరు ఇచ్చిన ఐరన్ మాత్రలు ఏడాదిగా మింగుతున్నాడు. విరేచనం నల్లగా అవుతుంటే మాత్రల వల్లేననుకున్నాడు. పటాన్‌చెరుకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఆయన కింది రెప్ప లాగి చూసింది. "ఇన్ని మాత్రలు మింగినా రక్తం పెరగలేదంటే, లోపల ఎక్కడో పోతున్నట్టే. పట్నంలో పెద్దపేగు పరీక్ష చేయించాలి. వెంట ఎవరినైనా తెచ్చుకోండి."

ఆ చివరి మాటకు జంకి ఆయన రెండు నెలలు అటువైపే పోలేదు. ఒకరోజు మెట్ల మీద కూలబడితే ఇంటి ఓనరు రాజవ్వ చూసింది. సంగతంతా విని, "గిదానికి రెండు నెలలు ఆగుడేంది సారూ? నన్నడిగితే రాకపోదునా?" అంది.

పరీక్షలో పేగులో కాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ కాగితంలో బంధువు పేరు రాయాల్సిన చోట నరసరాజు పెన్ను ఆగిపోయింది. రాజవ్వ ఆ కాగితం తీసుకుని నర్సు ముందు పెట్టింది.

"వేలిముద్ర ఏడ వెయ్యాలె బిడ్డా?"