చిన్నాయన తడిపిన బాంబులు

ఫిలింనగర్‌లో ఇళ్ల కన్నా బండలే ఎక్కువగా ఉన్న రోజులు, నా చిన్నప్పుడు. గుట్ట మీద మా రెండు గదుల ఇంట్లో అమ్మ, నాన్న, నేను, మా చిన్నాయన ఉండేవాళ్లం. చిన్నాయన సినిమాల్లో పొగ పెట్టేవాడు, వాన కురిపించేవాడు, బాంబులు పేల్చేవాడు. పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చి మా సందు మొగలో హారన్ కొడితే టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని పరిగెత్తేవాడు. ఆ హారన్ మా ఇంటి కోసమేనని నాకు ఎంత గర్వమో చెప్పలేను. బడిలో హీరోల గురించి కన్నా మా చిన్నాయన గురించే ఎక్కువ కోతలు కోసేదాన్ని.

ఒక చలికాలం సెలవుల్లో వెంటపడి, ఏడ్చి, అన్నం మానేసి మరీ ఆయనతో షూటింగుకు వెళ్లాను. గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. మడ అడవులు, వాటి ముందు బురద మేటలు, ఆ మేటల నిండా పక్షులు. ఎక్కడో మంచు దేశాల నుంచి చలికాలం గడపడానికి వచ్చినవట. ఆ పక్షుల కోసమే సర్కారు ఆ చోటును కాపాడుతోంది. ఒడ్డున షూటింగ్ చేసుకోవచ్చు గానీ చప్పుడు చేయకూడదని కాగితంలో రాసిచ్చారట. మా వాళ్లకు కావలసిందేమో, పాటలో హీరోయిన్ వెనక్కి తిరగగానే పక్షులన్నీ ఒక్కసారిగా లేవడం. అది చిన్నాయన బాంబులతోనే అయ్యే పని.

మొదటి బాంబుకు ఆకాశం కనిపించనన్ని పక్షులు లేచాయి. నేను ఎగిరెగిరి చప్పట్లు కొట్టాను. కెమెరాలో ఏదో తేడా వచ్చిందని, అవి మళ్లీ సరిగ్గా వాలక ముందే రెండోసారి పేల్పించారు. అదీ కుదరలేదని మూడోసారికి సిద్ధం కమ్మన్నారు. అప్పుడు అక్కడ కాపలా ఉండే పెద్దాయన చేతులు కట్టుకుని చిన్నాయన దగ్గరకు వచ్చాడు. సినిమావాళ్లు తన పైవాళ్లకు ఎవరితోనో చెప్పించారట, ఆపే అధికారం తనకు లేదట. పాపం, బతిమాలుకోవడానికే వచ్చాడు.

"ఇక్కడ తిన్న తిండితోనే అవి మళ్లీ అంత దూరం ఎగిరెళ్లాలి బాబూ. ఇలా లేపినప్పుడల్లా ఆ తిన్నది కాస్తా కరిగిపోద్ది. ఓపిక చాలనివి దారిలోనే పడిపోతాయి" అన్నాడు.

కాసేపటికి సామాన్ల చాటున చిన్నాయన బాంబులు ఒక్కొక్కటే బకెట్లో ముంచి తీసి, తువ్వాలుతో పైపైన తుడవడం చూశాను. ముంచనివి ఒక కట్ట గోనెసంచి కిందకు తోశాడు. తలెత్తి నన్ను చూశాడు. ఎవరికీ చెప్పకు అని కూడా అనలేదు. నా మీద అంత నమ్మకం.

మూడోసారి బాంబులు తుస్సుమన్నాయి. ఇంకొకటి వెలిగించాడు, అదీ తుస్సే. సముద్రపు గాలికి చెమ్మ పట్టిందని చెప్పాడు, అందరూ నమ్మారు. వెలుతురు తగ్గుతోంది. మర్నాడు యూనిట్ ఇంకో ఊరికి వెళ్లాలి. అరగంట గడిస్తే చాలు, పేకప్. డైరెక్టర్ కోపం పట్టలేక అందరి ముందూ చిన్నాయనను నానా మాటలూ అన్నాడు. పని రానివాడన్నాడు, ఈ దండగ మనిషిని ఎవడు తెచ్చాడన్నాడు. చిన్నాయన తల వంచుకుని నిలబడ్డాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా చిన్నాయనకు పని రాదా? నా నోటిదూల ఊరుకుందా!

"మా చిన్నాయనకు పని మంచిగొస్తది. కావాల్ననే నీళ్లల్ల ముంచిండు. మంచివి గోనెసంచి కింద ఉన్నయి" అని అరిచాను.

వెంటనే ఎవరో వెళ్లి ఆ కట్ట తెచ్చి వెలిగించారు. పక్షులు లేచాయి. ఈసారి నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. అవి సముద్రం మీదికి వెళ్లిపోయాయి, మేం సామాను సర్దుకునేదాకా తిరిగి రాలేదు. కాపలా పెద్దాయన నా వైపు కూడా చూడలేదు. చిన్నాయనను ఆ సాయంత్రమే పొమ్మన్నారు.

హైదరాబాదు బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. చిన్నాయన తన తువ్వాలు నాకు కప్పాడు. అది ఇంకా తడిగానే ఉంది.

"ఆ తిట్లు నేను కావాల్ననే పడ్డ బిడ్డా. ఇంకా జరసేపు పడనిస్తే పొద్దు గూకుతుండె" అన్నాడు. తిట్టలేదు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ తర్వాత వ్యాను మా సందులో ఆగలేదు. కొన్నాళ్లు ఆయన అలవాటు కొద్దీ పొద్దున్నే స్నానం చేసి గుమ్మంలో కూర్చునేవాడు. దూరంగా ఏ హారన్ వినిపించినా లేవబోయి మళ్లీ కూర్చునేవాడు. నేను పుస్తకాల సంచి తీసుకుని ఆయన పక్కనుంచే బడికి వెళ్లాలి. చివరికి బోరబండలో ఒక షామియానా దుకాణంలో చేరాడు. సినిమా వచ్చాక అమ్మ నన్ను తీసుకెళ్లింది. తెర మీద పక్షులు రెండు రెప్పపాట్లు కనిపించాయి, హాలంతా ఈలలు వేసింది. నేను తల దించుకున్నాను.

ఈ వయసులోనూ నా నోరు మంచిది కాదు, నా కోడలిని అడగండి చెబుతుంది. కానీ నా మనిషి అనుకున్నవాళ్లు ఎవరి చేతైనా మాట పడుతూ మౌనంగా నిలబడితే, దూకబోయి ఆగిపోతాను. ఏ పక్షి కోసం పడుతున్నారో అనిపిస్తుంది.

పోయిన చలికాలం ఇన్నేళ్లకు మళ్లీ అక్కడికి వెళ్లాను. చిన్నాయన ఇప్పుడు లేడు. పక్షులు మేటల మీద తింటున్నాయి. పొద్దు గూకేదాకా ఒడ్డున కూర్చున్నాను, నోరు విప్పకుండా.