నత్తల మెస్సు

పోర్టు క్వార్టర్స్‌లో ఎవరింట్లో ఏం కూరో వాసన పట్టి చెప్పగల ఆడవాళ్లు నలుగురుండేవారు. ఏ నత్త ఏం తింటుందో చెప్పగల మనిషి మాత్రం దాలయ్య ఒక్కడే. చేసేది క్రేన్ ఆపరేటరు పని. తను అన్నం తిన్నాడో లేదో గుర్తుండదు గాని, పెరట్లో తొట్టెల్లో ఉన్న నత్తలు తిన్నాయో లేదో గుర్తుండేది.

పక్క క్వార్టరు గంగాధరరావుకి ఇదంతా ఒళ్లుమంట. ఆయన అమలాపురం నుంచి వచ్చి పోర్టు ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నవాడు. ఏ చుట్టరికమూ లేకుండా దాలయ్య "బావా" అనడమే మింగుడుపడదు. పైగా ఆ పిలుపు వెనకాల ఎప్పుడూ ఒక నత్త ఉంటుంది.

"బావా, ఇటు సూడు. ఈ పెద్ద నత్తకి బొప్పాయాకంటే పేణం. పండుటాకైతే మరీని."

"నాకెందుకయ్యా?"

"అదే నీటి నత్తనుకో, రాయికి పట్టిన నాసు గీక్కుని తింటాది. దానికి కూరా నారా ఏటీ అక్కర్నేదు."

ఒకసారి ఫిషింగ్ హార్బరు నుంచి ఓ సముద్రపు నత్తని పట్టుకొచ్చి, గంగాధరరావు టిఫిను చేస్తుండగా ఇడ్లీ పక్కనే పెట్టాడు. "ఇది మాంసం తింటాది బావా. ఆలిచిప్పకి బెజ్జమెట్టి, లోపలున్నదాన్ని పీల్సేత్తాది." ఆ పూట గంగాధరరావు ఇడ్లీలు దాలయ్యే తిన్నాడు.

ఇంటింటికీ తిరిగి కోడిగుడ్డు పెంకులు అడిగేవాడు. "నత్త గుల్ల గట్టిపడాలంటే సున్నం పడాల. మనం ఎట్టకపోతే గోడలు నాకేత్తాయి." ఆమ్లెట్ వేసిన రోజు పెంకులు దాచడం కాలనీకి అలవాటైపోయింది.

కాలనీలో ఏటా తోటల పోటీ జరిగేది. గంగాధరరావుకి ఆరేళ్లుగా రెండో బహుమతే. తొంభై తొమ్మిది వానాకాలం వచ్చింది. జనవరిలో రిటైరవ్వాలి, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మొదటి బహుమతికి ఇదే ఆఖరి అవకాశం. నలభై బంతి మొక్కలు వేశాడు. ఓ ఉదయం చిగురు మీద ఒక నత్త కనబడింది. అటు చూస్తే దాలయ్య తొట్టెల్లో వందలు!

ఇంకేం, ఆఫీసుకి అర్జీ పెట్టాడు: "పక్కింటివారు నత్తలను పెంచి నా తోటపైకి వదులుచున్నారు."

మూడు రోజుల్లో తీసెయ్యమని కాగితం వచ్చింది. దాలయ్య గొడవ పడలేదు. "సర్లే బావా, నీ తోట ముక్యం. నానింక నత్తని ముట్టను" అని, తొట్టెల మీద తడి గోనె కప్పి, ఆటోలో సింహాచలం కొండ కిందకి తీసుకెళ్లి వదిలొచ్చాడు.

నాలుగో రోజు తెల్లారేసరికి నలభై మొక్కలూ మోడులు.

గంగాధరరావు పక్కింటి తలుపు బాదాడు. "ఇంకా ఎక్కడ దాచాడమ్మా ఆ నత్తల్ని?"

దాలయ్య భార్య గంగాభవాని నడుం మీద చెయ్యి వేసుకుంది. "దాసడమేటి అన్నయ్యా? అయ్యన్నీ మీ తోటలోయే! ఆరేళ్ల బట్టి రోజూ పొద్దున్నే మీ గోడ దూకి ఏరుకొచ్చీవోడు. సెప్తే మీరు ఉప్పేసి సంపేత్తారని సెప్పనేదు."

గంగాధరరావు అక్కడే మెట్టు మీద కూర్చుని వేళ్లు మడిచాడు. ఆరు రెండో బహుమతులు ఎవరివో లెక్క తేలిపోయింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వేల కాగితాలు రాశాడు. వాటిలో ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రటి అక్షరాలతో రాసింది ఆ అర్జీయేనని తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అర్జీ వెనక్కి తీసుకుంటానని ఆఫీసుకెళ్తే, ఫైలు మూసేశామన్నారు. పోటీ జడ్జీలు వచ్చి, మోడుల్ని చూసి, గేటు వేసి వెళ్లారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే వంగి వంగి, తోటలో నత్తల్ని ఒక్కొక్కటే బేసిన్లో వేసి, దాలయ్య గుమ్మంలో పెట్టాడు.

"నువ్వు ముట్టనన్నావు కదా, నేనే ఏరాను. వీటికిప్పుడు ఏం పెట్టాలి?"

దాలయ్య బేసిన్లోకి తొంగిచూశాడు. "నలబయ్యీ తినేసినాయా?"

"నలభయ్యీ."

"అయితే ఇయ్యాల్టికి ఏటీ ఎట్టకు బావా. అరక్క సత్తాయి."